కారానికి గడియారం కడితే

"గుంటూరోళ్లం, మాకిదో లెక్కా?" అమెరికాలో చికెన్ వింగ్స్ అమ్మే రెస్టారెంట్‌లో గోడ మీద "ఇన్ని నిమిషాల్లో ఇన్ని ఘాటు వింగ్స్ తినండి" అనే ఛాలెంజ్ బోర్డు కనబడిందంటే మన కుర్రాళ్ల టేబుల్ దగ్గర వినబడే మాట ఇది. అన్నవాడిది భీమవరం కావచ్చు, వరంగల్ కావచ్చు. ఆ క్షణానికి అందరూ గుంటూరోళ్లే. పుట్టినప్పటి నుంచి ఆవకాయ తిన్న నోరు, తెల్లవాళ్లు తట్టుకోలేని కారం మనకు ఆనదు అని ధీమా. నాలుగో ముక్క దగ్గరికొచ్చేసరికి ఆ ధీమా నషాళానికంటి, చెవులు ఎర్రబడి, పక్కవాడు ఫోన్లో వీడియో తీస్తుంటే పళ్లు బిగించి కూర్చోవడం కూడా కొత్తేం కాదు.

ఓడిపోతే మన పరువేం పోదు. ఆ పోటీలో మనం అనుకున్న పరీక్ష లేనే లేదన్నదే నా వాదన. కారం తట్టుకునే శక్తికి అందులో పడే మార్కులు తక్కువ. ఎక్కువ భాగం పోయేది గడియారానికి, వేళ్లకు, పొట్టకు. పైగా కారాన్ని తిండిగా నిలబెట్టే వస్తువులన్నిటినీ ఒక్కొక్కటిగా టేబుల్ మీంచి తీసేశాకే పోటీ మొదలవుతుంది. నెయ్యీ పప్పూ పెరుగూ లేకుండా ఆవకాయ పెట్టి "ఐదు నిమిషాల్లో సీసా ఖాళీ చెయ్" అన్నట్టు.

ముక్కకు ముప్పై సెకన్లు

అందరికీ తెలిసిన ఉదాహరణే తీసుకుందాం. బఫెలో వైల్డ్ వింగ్స్ 1982లో ఒహాయో రాష్ట్రంలోని కొలంబస్‌లో మొదలైన గొలుసు రెస్టారెంట్. వాళ్ల బ్లేజిన్ ఛాలెంజ్ చాలాకాలం 12 ముక్కలు, 6 నిమిషాలు. తర్వాత కరోలినా రీపర్ అనే మహా ఘాటు మిరపకాయతో చేసిన సాస్ తెచ్చి 10 ముక్కలు, 5 నిమిషాలుగా మార్చారు. ఎలా చూసినా ముక్కకు ముప్పై సెకన్లే. మధ్యలో నీళ్లు తాగకూడదు, వేరే ఏదీ తినకూడదు, టిష్యూతో మూతి తుడుచుకోకూడదు, ఎముక మీద మాంసం మిగలకూడదు. ముందుగా "ఏం జరిగినా నాదే పూచీ" అనే కాగితం మీద సంతకం. ఇతర చోట్ల అంకెలు మారతాయి గానీ అచ్చు ఇదే.

ఈ నిబంధనల్లో కారానికి సంబంధించినవి ఎన్ని ఉన్నాయో చూడండి. ఎముక శుభ్రంగా ఉండాలన్నది చేతిపని. బోన్‌లెస్ తిని పెరిగినవాడు ఇక్కడే సగం సమయం పోగొట్టుకుంటాడు. వింగ్స్ ప్లేటులో రెండు రకాల ముక్కలుంటాయి. ఒకటి చిన్న లెగ్ పీసులా ఉండే డ్రమెట్, అందులో ఒకటే ఎముక. రెండోది బల్లపరుపుగా ఉండే ఫ్లాట్, అందులో జంట ఎముకలు. ఫ్లాట్‌ను జొన్నపొత్తులా రెండు చేతులా పట్టుకుని కొరకడం మొదలుపెడితే ముప్పై సెకన్లు చాలవు, పెదాల చుట్టూ సాస్ పూసుకోవడం తప్ప. కీలు దగ్గర మెత్తటి ఎముకను విరిచి, సన్నటి ఎముకను మెలితిప్పి లాగేయాలి. బాగా వేగిన ముక్కలో అది చీపురుపుల్లలా వచ్చేస్తుంది. తర్వాత లావు ఎముకను కూడా అలాగే తిప్పితే చేతిలో మిగిలేది మాంసం ముద్ద ఒక్కటే. దాన్ని నాలుక వెనక భాగం మీద పెట్టుకుని నాలుగు నమిలి మింగడమే. డ్రమెట్‌కైతే సన్నటి చివర దగ్గర వేళ్లతో మాంసాన్ని కిందికి తోసి, ఒక్క పట్టున పళ్లతో లాగాలి.

పళ్లతో అని ఎందుకన్నానంటే, పెదాలకు సాస్ తగలకుండా చూసుకోవడమే ఈ ఆటలో ఉన్న పెద్ద కిటుకు. నోట్లో లాలాజలం ఊరుతూ మంటను కొంత కడుగుతుంది. పెదాలకు ఆ సదుపాయం లేదు. అక్కడ అంటిన నూనె అక్కడే ఉండి, అన్నిటికంటే ఆలస్యంగా చల్లారేది పెదాల మంటే.

ఇంకోటి: వేడివేడిగా మొదలుపెట్టొద్దు. కారంలోని క్యాప్సైసిన్ వెళ్లి అంటుకునేది వేడిని పసిగట్టే గ్రాహకానికే. దాని పేరు టీఆర్‌పీవీ1. మామూలుగా అది 43 డిగ్రీల దగ్గర "కాలుతోంది" అని కబురు పంపిస్తుంది. 1997లో దీన్ని గుర్తించిన డేవిడ్ జూలియస్‌కు 2021లో నోబెల్ వచ్చింది. క్యాప్సైసిన్ తగిలాక అదే గ్రాహకం ఒంటి వేడికే గగ్గోలు పెడుతుంది. అలాంటప్పుడు పొగలు కక్కే ముక్క పెడితే మంటకు మంట తోడవుతుంది. గడియారం మొదటి కొరుకుతో మొదలయ్యే చోటైతే ప్లేటు వచ్చాక మూడు నిమిషాలు కబుర్లు చెప్పుకుంటే ఎవరూ కాదనరు. పైగా ఆవిరి తగ్గితే దగ్గు తగ్గుతుంది. ఈ పోటీల్లో ఓడించేది చాలాసార్లు మంట కాదు, పొలమారడం. నవ్వినా, మాట్లాడినా, "హా... హా" అంటూ నోటితో గాలి పీల్చినా కారం గొంతులోకి వెళ్లి దగ్గు మొదలవుతుంది. దగ్గు మొదలైందా, ఇరవై సెకన్లు పోయినట్టే.

బోర్డు మీది అంకె

బోర్డు మీద మూడున్నర లక్షల స్కోవిల్ అని, అంటే కారం ఘాటు కొలత, రాసి ఉందనుకోండి. వెంటనే మనవాళ్లు గుంటూరు సన్నం మిర్చి 35 వేలు, ఇది పది రెట్లు అని లెక్క కడతారు. అసలు లెక్క వేరు.

1912లో విల్బర్ స్కోవిల్ అనే ఫార్మసిస్టు మిరప సారాన్ని పంచదార నీళ్లలో పలచన చేస్తూ, రుచి చూసేవాళ్లకు మంట తెలియకుండా పోయేదాకా ఎన్ని రెట్లు కలపాలో కొలిచాడు. ఇప్పుడు యంత్రంతో క్యాప్సైసిన్‌నే నేరుగా కొలుస్తారు. పది లక్షల్లో ఒక వంతు క్యాప్సైసిన్ ఉంటే సుమారు 16 స్కోవిల్ యూనిట్లు. మిరపకాయల రికార్డులన్నీ ఎండు బరువు మీద కొలిచినవే. 2007లో గిన్నిస్‌కెక్కిన అస్సాం భూత్ జొలోకియా 10 లక్షల పైచిలుకు, కరోలినా రీపర్ 16 లక్షల 41 వేలు, 2023లో దాన్ని దాటిన పెప్పర్ ఎక్స్ 26 లక్షల 93 వేలు. చివరి రెండూ సౌత్ కరోలినాలో ఎడ్ కరీ అనే ఒకే మనిషి పెంచినవి.

పచ్చి రీపర్ కాయలో దాదాపు పదింట తొమ్మిది వంతులు నీళ్లే. రుబ్బితే 16 లక్షలు కాస్తా లక్షా అరవై వేలకు దిగుతుంది. దానికి నాలుగింతలు వెనిగరు, నూనె, వెల్లుల్లి, చక్కెర కలిపితే చివరికి మిగిలేది ముప్పై రెండు, ముప్పై మూడు వేలు. అంటే దాదాపు మన గుంటూరు కారం పొడి ఘాటు. బోర్డు మీది అంకె చాలాసార్లు కాయది, సాస్‌ది కాదు. నిజంగా మూడున్నర లక్షల సాసే అయితే, పది ముక్కలకూ కలిపి 60 గ్రాములు పట్టిందనుకుంటే, మనిషి ఒంట్లోకి వెళ్లే క్యాప్సైసిన్ 1.3 గ్రాములు. జర్మనీ ప్రభుత్వపు ఆహార భద్రతా సంస్థ బీఎఫ్ఆర్ పెద్దవాళ్లకు ఒక పూటలో కిలో బరువుకు 5 మిల్లీగ్రాములు మించవద్దంటుంది. 70 కిలోల మనిషికి 350 మిల్లీగ్రాములు. దానికి నాలుగింతలు రోజూ వడ్డిస్తూ ఏ రెస్టారెంటూ వ్యాపారం చెయ్యలేదు.

"మరి గుంటూరు కారమంత ఘాటే కదా, మాకేంటి?" అంటారు. ఆగండి. అరకిలో కోడికూరకు మన ఇళ్లల్లో వేసేది రెండు మూడు చెంచాల కారం, ఏడెనిమిది గ్రాములు. నలుగురు తింటే మనిషికి రెండు గ్రాములు. అదీ అన్నంలో కలిపి, పావుగంటలో. ఛాలెంజ్‌లో 33 వేల సాస్ 60 గ్రాములంటే అరవై గ్రాముల కారం పొడిని చేత్తో తీసుకుని ఐదు నిమిషాల్లో మింగినట్టు. ప్లేటుకూ వేళ్లకూ కొంత అంటుకుపోయిందనుకున్నా, కూరలో తినేదానికి ఇరవై పాతిక రెట్లు. ఏ గుంటూరులో ఎవరు అలా తింటున్నారు?

కొన్ని సాస్‌ల సంగతి ఇంకా వేరు. వాటిలో మిరపకాయ కాకుండా ఓలియోరెసిన్, అంటే మిరప నుంచి పిండిన చిక్కటి సారం వేస్తారు. చేదుగా, మందు వాసనతో ఉండి, రుచి తెలియకముందే మంట తెలిసిందంటే అదే. తమాషా ఏంటంటే ఈ సారం తీసే ఫ్యాక్టరీలు ఏరికోరి కొనేది ఖమ్మం మార్కెట్‌కు బస్తాలకు బస్తాలు వచ్చే మన తేజ రకాన్ని. "మా ఊరి కారమే" అని ఎవరైనా అనాలంటే అది ఇలాంటి చోట అనొచ్చు, ఒప్పుకుంటాను.

అలవాటు పనికిరాదా?

పనికొస్తుంది. అది కాదనడం అబద్ధమే అవుతుంది. రోజూ కారం తినేవాళ్ల నాలుక మీది గ్రాహకాలు కొంత మొద్దుబారతాయి. అదే కారం అలవాటు లేనివాడికి తగిలినంతగా తగలదు. అంతకంటే పెద్ద లాభం ఇంకోటుంది: మంట వస్తే భయపడకపోవడం. అది వచ్చి పోయేదని మన ఒంటికి తెలుసు. అలవాటు లేనివాడు కంగారుపడి ఓడిపోతాడు.

కానీ ఆ మొద్దుబారడం పనిచేసే తీరే పోటీకి వ్యతిరేకంగా ఉంటుంది. కారం తగిలాక కొన్ని నిమిషాలు విరామమిస్తే ఆ చోటు మొద్దుబారుతుంది. విరామం లేకుండా అర నిమిషానికొకటి తగులుతుంటే మంట మెట్టు మెట్టుగా ఎక్కుతూనే పోతుంది. మనం భోజనంలో తెలియకుండానే మొదటి పద్ధతి పాటిస్తాం. ఆవకాయ ముద్ద, తర్వాత పప్పు ముద్ద, మధ్యలో అప్పడం. ఛాలెంజ్ గడియారం మనల్ని రెండో పద్ధతిలోకి తోస్తుంది. రీపర్ లాంటి కాయల మంట ఆలస్యంగా ముదురుతుంది కాబట్టి "మూడు ముక్కలు తిన్నా ఏం కాలేదు" అన్నవాడికి ఆరో ముక్క దగ్గర ముందు మూడూ కలిపి బాకీ వసూలు చేస్తాయి.

ఇక పొట్ట. నాలుక మొద్దుబారినంత సులభంగా పేగులు మొద్దుబారవు. ఛాలెంజ్ గెలిచి, చప్పట్లు కొట్టించుకుని, గోడ మీద పెట్టడానికి ఫొటో దిగి, కారెక్కిన అరగంటకు కడుపులో మెలిపెట్టడం మొదలవుతుంది. ఈ ఆట బాగా ఆడేవాళ్లు నోటి మంటకంటే దీనికే భయపడతారు. చెమటలు పట్టి, కాళ్లు ముడుచుకుని, గంటా రెండు గంటలు. మర్నాటి ఉదయం హాజరు సంగతి మన భాషలో అందరికీ తెలిసిందే, విడమర్చక్కర్లేదు.

తీసేసిన గిన్నెలు

బఫెలో వింగ్స్ పుట్టిల్లు న్యూయార్క్ రాష్ట్రంలోని బఫెలో నగరం, ఆంకర్ బార్. 1964లో టెరెసా బెలిసిమో వేయించిన రెక్కలకు కారపు సాస్ పట్టించి పెట్టిందన్నది అందరూ చెప్పుకునే కథ. ఆ సాస్‌కు వాడుకలోకొచ్చిన ఫ్రాంక్స్ రెడ్‌హాట్ ఘాటు 450 స్కోవిల్. మన పచ్చిమిర్చి బజ్జీ ముందు అది మంచినీళ్లు. పైగా అందులో వెన్న కలుపుతారు. పక్కన బ్లూ చీజ్ గిన్నె, చల్లటి సెలెరీ కాడలు. వెన్న కారాన్ని కరిగించుకుంటుంది, చీజ్‌లోని పాల ప్రోటీను దాన్ని పట్టుకుంటుంది, సెలెరీ నోరు చల్లబరుస్తుంది. కారం పక్కన దాని విరుగుడు పెట్టుకునే తినాలని ఆ ఊరివాళ్లకూ తెలుసన్నమాట. ఇది మన ముద్దపప్పు, నెయ్యి, ఆవకాయ, చివర్లో పెరుగన్నం వరసకు దూరపు చుట్టం కాదు, మేనత్త కూతురు.

నాగాలాండ్‌లో రాజా మిర్చి వాడే తీరు చూసినా ఇంతే. గిన్నెడు పంది మాంసానికి కాయో, సగం కాయో. దాని పరిమళం కోసం వేస్తారు. ఆ కాయకు పండిన పండు వాసన ఉంటుందని ఐదు నిమిషాల్లో పది ముక్కలు మింగేవాడికి ఎప్పటికీ తెలియదు.

ఛాలెంజ్ చేసేది ఈ విరుగుళ్లన్నిటినీ నిషేధించడం. పాలు వద్దు, చీజ్ వద్దు, సెలెరీ వద్దు. దాన్ని నేను వంటకంగా ఒప్పుకోలేకపోతున్నాను.

పాల సంగతి వచ్చింది కాబట్టి ఒక ముక్క. మంటకు పాలు పనిచేసేది కొవ్వు వల్ల అని చాలామంది నమ్మకం. 2019లో పెన్ స్టేట్ విశ్వవిద్యాలయం వాళ్లు పోల్చి చూస్తే వెన్న తీసిన పాలు కూడా మామూలు పాలంత బాగానే పనిచేశాయి. పని ప్రోటీనుదే కావచ్చని వాళ్ల అంచనా. మన పల్చటి మజ్జిగ అన్యాయం చెయ్యదు. సోడా, కూల్‌డ్రింక్ తాగితే బుడగలు ఇంకా పొడుస్తాయి. నీళ్లు కారాన్ని నోరంతా పరుస్తాయి. బీరులో ఉన్న ఐదు శాతం ఆల్కహాలు దేనికీ చాలదు.

ఏది ప్రమాదం, ఏది కాదు

ఇలాంటి పోటీల గురించి భయపెట్టే వార్తలు వాట్సాప్‌లో తిరుగుతుంటాయి. వాటిలో నిజమైనవి కొన్ని ఉన్నాయి. 2016లో వైద్య పత్రికకెక్కిన ఒక కేసులో, పోటీలో భూత్ జొలోకియా పేస్టు పట్టించిన బర్గర్ తిన్న 47 ఏళ్ల మనిషికి అన్నవాహిక రెండున్నర సెంటీమీటర్ల మేర చిరిగింది. చీల్చింది మిరపకాయ కాదు, ఆ తర్వాత ఆపుకోలేకుండా వచ్చిన వాంతుల ఒత్తిడి. 2018లో నమోదైన ఇంకో కేసులో రీపర్ తిన్న 34 ఏళ్ల మనిషికి మెదడు రక్తనాళాలు కొద్దికాలం కుంచించుకుపోయి పిడుగుపడ్డట్టు తలనొప్పి వచ్చింది. 2023 సెప్టెంబరులో మసాచుసెట్స్‌లో ఒకే ఒక్క మహా ఘాటైన చిప్ తినే "వన్ చిప్ ఛాలెంజ్" చేసిన 14 ఏళ్ల అబ్బాయి చనిపోయాడు. గుండె పెద్దదిగా ఉండడం, ఒక రక్తనాళం పుట్టుకతోనే కండరంలో ఇరుక్కుని ఉండడం పోస్ట్‌మార్టంలో బయటపడ్డాయి. ఆ అబ్బాయికి ఆ సంగతి తెలిసే అవకాశం ఏముంది? ఆ చిప్‌ను కంపెనీ మార్కెట్ నుంచి వెనక్కి తీసుకుంది.

ఇవి అరుదు. రోజూ ఎందరో ఈ ఛాలెంజ్‌లు తిని, ఓ పూట కష్టపడి లేచిపోతారు. కాబట్టి "చస్తారు, తినకండి" అనడం నా ఉద్దేశం కాదు. కానీ మూడు కేసుల్లోనూ ఒక పోలిక ఉంది: తక్కువ వ్యవధిలో ఎక్కువ మోతాదు. నెమ్మదిగా తినేవాడికి ఒళ్లే "చాలు" అని చెబుతుంది. గడియారం పెట్టేది ఆ మాట వినబడకుండా చెయ్యడానికే. గుండె జబ్బు, రక్తపోటు, ఉబ్బసం, అల్సరు ఉన్నవాళ్లూ, పిల్లలూ, గర్భిణులూ ఆ కుర్చీలో కూర్చోకూడదన్నది వేరే చెప్పాలా? సంతకం చేయించుకున్న కాగితం గుండెకు ఈసీజీ తీయదు.

అయినా తింటానంటే, గంటన్నర ముందు పెరుగన్నమో, అరటిపండూ బ్రెడ్డో తినాలి. ఖాళీ కడుపు తప్పు, నిండు కడుపు ఇంకా పెద్ద తప్పు. కాంటాక్ట్ లెన్సులు ఇంట్లోనే తీసేసి రావాలి. ప్లేటు అడుగున సాస్ మడుగు కడుతుంది, కింది ముక్కలు అందులో నానుతుంటాయి. పైనున్నవి తేలికని వాటితో మొదలుపెడితే ఊపిరాడని సమయానికి నానినవి మిగులుతాయి. ముందే ముక్కలన్నీ ప్లేటు అంచులకు పరిచి పెట్టుకోవాలి. వాంతి వచ్చేలా ఉంటే ఆపేయాలి, బలవంతంగా మింగకూడదు, బలవంతంగా కక్కకూడదు.

అన్నిటికంటే కష్టం చేతుల్ని అదుపులో పెట్టుకోవడం. ఏడో ముక్క దగ్గర కన్నీళ్లు కారుతుంటాయి, ముక్కు కారుతుంటుంది, టిష్యూ లేదు. చెయ్యి దానంతటదే పైకి లేస్తుంది, మనం పంపినట్టు కూడా తెలియదు. చూపుడువేలు కంటి కొలికిని తాకిన క్షణంతో పోటీ ముగిసినట్టే. మోచేతి పైన చొక్కా చేతికి తుడుచుకోవడం ముందే సాధన చేసుకోవాలి. అయిపోయాక చేతులు నేరుగా నీళ్లతో కడిగితే ఫలితం లేదు, కారం నూనెలో ఉంది. ముందు వంటనూనె రుద్ది, తర్వాత గిన్నెలు తోమే సబ్బు, తర్వాత నీళ్లు. బాత్రూమ్‌కు వెళ్లే ముందు కూడా. ఇది మరిచిపోయినవాళ్లు మళ్లీ మరిచిపోరు.

మజా లేదా మరి?

ఉంది. ప్రమాదం లేదని లోపల తెలిసి, ఒళ్లు మాత్రం ప్రమాదమని అరుస్తుంటే వచ్చే ఆనందాన్ని మనస్తత్వవేత్త పాల్ రోజిన్ హానిచెయ్యని స్వీయహింస అన్నాడు. జెయింట్ వీల్ ఎక్కి కేకలు పెట్టడం లాంటిదే. నలుగురు స్నేహితులు కూర్చుని ఒకణ్ని ఎగదోయడంలో ఉన్న సరదాను కాదనే పెద్దరికం నాకు లేదు.

కానీ ఆ సరదాకు గడియారం అవసరమా? 2015 నుంచి యూట్యూబ్‌లో వస్తున్న హాట్ వన్స్‌లో కూడా పది ముక్కలే. సాస్ ఒక్కో ముక్కకు ఘాటెక్కుతుంది, చివరిది రికార్డు కాయలతో చేసింది. అక్కడ పాలు టేబుల్ మీదే ఉంటాయి. అతిథికి ఒక్కో ముక్క మధ్య ఒక్కో ప్రశ్న, తీరుబాటుగా జవాబు. సినిమా తారలు చెమటలు కక్కుతారు, ముక్కు చీదుకుంటారు, మనిషి లోపలి మనిషి బయటికొస్తాడు. మజా ఏమైనా తగ్గిందా? అక్కడ కారానికి మెట్లున్నాయి, ఎక్కలేనివాడు ఏ మెట్టు మీదైనా కూలబడొచ్చు.

రెస్టారెంట్‌కు మాత్రం గడియారమే లాభం. ఐదు నిమిషాల్లో టేబుల్ ఖాళీ అవుతుంది, ఓడినవాడు మళ్లీ వస్తాడు, గెలిచినవాడి ఫొటో ఊరికే ప్రకటన అవుతుంది. గెలిచినవాడికిచ్చే టీ షర్టు వాళ్లకు అయ్యే ఖర్చులో కొసరు.

ఆ సాస్ రుచి చూడాలన్న కుతూహలం ఉంటే సులువైన దారి ఉంది. మామూలు మీడియం వింగ్స్ ఆరు చెప్పి, ఛాలెంజ్ సాస్‌ను చిన్న గిన్నెలో విడిగా ఇవ్వమంటే చాలాచోట్ల ఇస్తారు. టూత్‌పిక్ కొనతో ఒక చుక్క నాలుక మధ్యన పెట్టుకుని రెండు నిమిషాలు ఊరుకోవాలి. మంట ఎక్కకముందు ఒక్క క్షణం, రీపర్ కాయ అయితే పండు తీపి తగులుతుంది. సారం కలిపిన సాసైతే చేదు తగులుతుంది, అప్పుడా గిన్నె పక్కకు నెట్టేసి మిగిలిన ముక్కల్ని బ్లూ చీజ్‌లో ముంచుకుని తినొచ్చు.